ఊరంతా ఉచిత వైర్‌లెస్: నెల బిల్లు ఎవరిది?



ఈ ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయమని సంపాదక మిత్రులు కోరారు. చరిత్ర అనగానే శాతవాహనులో, కాకతీయులో, తక్కువలో తక్కువ ఉప్పు సత్యాగ్రహమో ఉంటుందని మీరు ఎదురుచూడవచ్చు. వాటి మీద సాధికారంగా వ్రాయగల పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. నేను ఎంచుకున్నది పాతికేళ్ళయినా నిండని చరిత్ర. ఊళ్ళో ఏ మూల నిలబడినా, తీగ లేకుండా, పైసా ఖర్చు లేకుండా అందరికీ ఇంటర్నెట్ అందిస్తామని ఆ మధ్య కొన్ని నగరాలు ప్రకటించాయి. ఆ మాట ఏమయింది, అందులో మనబోటి వాళ్ళకు దక్కిందేమిటి అన్నది నా విషయం.

ఖజానా శాఖలో గుమాస్తాగిరీ చేసి రిటైరైన వాడికి ఇంటర్నెట్‌తో పనేమిటని అనుకోవద్దు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ల రోజులు వస్తే మా సబ్ ట్రెజరీ వరండా పెళ్ళివారి విడిదిలా ఉండేది. పెన్షనరు స్వయంగా వచ్చి నిలబడితే కాగితాల్లోని ఫొటోతో సరిచూసి, సంతకమో వేలిముద్రో తీసుకొని, బ్రతికే ఉన్నారని నమోదు చేసుకునేవాళ్ళం. 2014 నవంబరు 10న కేంద్ర ప్రభుత్వం జీవన్ ప్రమాణ్ ప్రారంభించింది. మొదట వేలిముద్ర, కంటిపాప. 2021 నవంబరు నుంచి ఫోను ఎదుట ముఖం పెట్టి కళ్ళార్పినా చెల్లుతుంది. మంచం దిగలేని వాళ్ళకు ఇది వరమే, కాదనను. కాని నెట్టు లేని ఇల్లుంది. నెట్టు ఉన్నా వాడడం రాని ఇల్లుంది. వాడడం వచ్చిన మనవడు బెంగుళూరులో ఉన్న ఇల్లుంది. ఈ మూడు ఇళ్ళనూ కలుపుకుపోవడాన్నే ఇప్పుడు డిజిటల్ ఇన్‌క్లూజన్ అంటున్నారు. అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించడమని నేను అర్థం చేసుకున్నాను.

ముందుగా వైఫై గురించి రెండు ముక్కలు. ఇంటర్నెట్ ఊరిదాకా, వీధిదాకా వచ్చేది ఎక్కువగా తీగ మీదనే. చివరి నూరు గజాలు మాత్రం రేడియో తరంగం మీద వస్తే అది వైఫై. ఇందుకు వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు అమెరికాలో 1985 నుంచి, మన దేశంలో 2005 జనవరి నుంచి లైసెన్సు అక్కరలేదు. లైసెన్సు లేదు గనుక చవక. లైసెన్సు లేని తరంగానికి బలం కూడా పరిమితంగానే ఉండాలని నియమం. ఆకాశవాణి తరంగం జిల్లాలు దాటి పోతుంది. వైఫై ఇటుక గోడ దాటడానికే ఆయాసపడుతుంది. చెట్ల ఆకులు తడిసి ఉన్నా దానికి అడ్డమే. ఇది గుర్తుంచుకుంటే తరువాతి కథ సగం అర్థమవుతుంది.

2004లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగర మేయరు జాన్ స్ట్రీట్ గారు, 135 చదరపు మైళ్ళ తమ నగరమంతటా వైర్‌లెస్ ఇంటర్నెట్ ఏర్పాటు చేస్తామని ప్రకటించారు. అంచనా వ్యయం కోటి డాలర్లు. వీధి దీపాల స్తంభాలకు చిన్న డబ్బాలు బిగిస్తారు. ఒక డబ్బా నుంచి పక్క డబ్బాకు, అక్కడి నుంచి ఇంకో దానికి సంకేతం చేతులు మారుతూ పోతుంది. అంత పెద్ద నగరం ఇటువంటి పనికి పూనుకోవడం అప్పటికి కొత్త. ఉద్దేశం మంచిదే. 15 లక్షల జనాభాలో పేదలు ఎక్కువ, పేదపేటల్లో చాలా ఇళ్ళకు ఇంటర్నెట్ లేదు. పిల్లలు హోంవర్కుకు, పెద్దలు ఉద్యోగ దరఖాస్తుకు తిప్పలు పడుతున్న కాలం.

ఫోను కంపెనీలకు ఇది నచ్చలేదు. మునిసిపాలిటీలు తమతో పోటీకి దిగడమేమిటని వాళ్ళ వాదన. పెన్సిల్వేనియా రాష్ట్రం ఆ ఏడాదే ఒక చట్టం చేసింది. స్థానిక సంస్థ ఏదైనా రుసుము తీసుకొని ఇంటర్నెట్ ఇవ్వదలిస్తే ముందుగా అక్కడి ఫోను కంపెనీని అడగాలి, ఆ కంపెనీ కాదంటేనే తాను చేయాలి. 2004 నవంబరు 30న గవర్నరు ఎడ్ రెండెల్ దాని మీద సంతకం చేశారు. స్ట్రీట్ గారికి ముందు అదే ఫిలడెల్ఫియాకు మేయరుగా చేసినది ఈ రెండెల్ గారే! వెరిజాన్ కంపెనీ ఒప్పుకోవడంతో ఫిలడెల్ఫియాకు మాత్రం మినహాయింపు దొరికింది.

2005 అక్టోబరులో ఎర్త్‌లింక్ అనే కంపెనీని ఎంపిక చేశారు. ఒప్పందం తీరు చూడండి. స్తంభాలు నగరానివి, పెట్టుబడి యావత్తు కంపెనీది. పైపెచ్చు స్తంభానికి ఇంతని కంపెనీయే నగరానికి అద్దె కడుతుంది. మామూలు ఖాతాదారుకు నెలకు సుమారు 20 డాలర్లు, పేద కుటుంబానికి సుమారు 10 డాలర్లు. కొన్ని పార్కుల్లో, బహిరంగ స్థలాల్లో మాత్రం ఉచితం. జనం నోట అది ఉచిత వైఫై నగరమైపోయింది గాని, లెక్క ప్రకారం ఉచితమన్నది ఆ పార్కుల వరకే.

ఖజానాలో పనిచేసిన వాడి కన్ను సరిగ్గా ఇక్కడే ఆగుతుంది. ప్రభుత్వానికి ఖర్చేమీ లేదు అని వ్రాసిన ఫైలు వస్తే మా సూపరింటెండెంటు గారు మార్జినులో ఎర్ర సిరాతో ఒక్క ముక్క అడిగేవారు: "రెండవ సంవత్సరం సంగతి?" ఏ పథకానికైనా నాన్ రికరింగ్, రికరింగ్ అని రెండు గళ్ళు ఉంటాయి. బోరుబావి తవ్వడం మొదటి గడి. మోటారు కరెంటు బిల్లు, మరమ్మతు, వాచ్‌మన్ జీతం రెండో గడి. మొదటి గడి నిండాక శిలాఫలకం వేస్తారు. రెండో గడి ఖాళీగా ఉంటే ఆ బావి ఏమవుతుందో జిల్లాల్లో తిరిగిన మనందరికీ తెలుసు.

ఫిలడెల్ఫియాలో అదే జరిగింది. అక్కడి ఇళ్ళు ఎక్కువగా ఒకదానికొకటి ఆనుకున్న ఇటుక ఇళ్ళు. వీధిలో అందిన సంకేతం గదిలో అందలేదు. లోపల అందాలంటే కిటికీ దగ్గర మరో పెట్టె పెట్టుకోవాలి. చదరపు మైలుకు ఇరవై పైచిలుకు డబ్బాలు చాలుననుకున్న చోట దాదాపు రెట్టింపు కావలసి వచ్చింది. ఎదుట కేబుల్, ఫోను కంపెనీల పోటీ ఉండనే ఉంది. 2007 జనవరిలో ఎర్త్‌లింక్ అధిపతి గ్యారీ బెట్టీ మరణించారు. ఆగస్టులో కంపెనీ 900 మందిని, అంటే తన సిబ్బందిలో దాదాపు సగం మందిని, తొలగించింది. గూగుల్‌తో కలిసి శాన్ ఫ్రాన్సిస్కో నగరానికి వైఫై ఇచ్చే పథకం ఆ నెలలోనే మూలపడింది. చికాగో కూడా అప్పుడే తన ఆలోచన విరమించుకుంది. 2008 మే నెలలో ఫిలడెల్ఫియాలోనూ మూసివేస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. అప్పటికి పెట్టిన ఖర్చు కోటిన్నర డాలర్లకు పైమాటే. చేరిన చందాదారులు 6 వేల లోపు. 15 లక్షల మందికి 6 వేలు!

మూతపడకుండా స్థానిక పెట్టుబడిదారులు కొందరు తీసుకొని ఏడాదిన్నర నెట్టుకొచ్చారు. 2009 డిసెంబరులో నగర ప్రభుత్వమే 20 లక్షల డాలర్లకు కొనివేసింది, ముఖ్యంగా పోలీసు మొదలైన తన శాఖల అవసరాలకు.

మా పెద్దమ్మాయి కాపురం ఆ నగరానికి గంట దూరంలో. 2011 వేసవిలో నేనూ మా ఆవిడా వెళ్ళినప్పుడు మా అల్లుడు గారు లిబర్టీ బెల్ చూపించడానికి తీసుకువెళ్ళి, దారిలో ఒక స్తంభం కేసి చెయ్యి చూపి, "మామయ్య గారూ, ఆ వైఫై డబ్బాలు ఇవే" అన్నారు. గంట కన్నా ఆ డబ్బానే నేను ఎక్కువసేపు చూశానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఆ రోజుల్లోనే కేంద్ర ప్రభుత్వ నిధులతో కీస్పాట్ అనే పేరిట సేవాసంస్థల్లో, పేటల ఆటస్థలాల భవనాల్లో 80 వరకు కంప్యూటరు కేంద్రాలు పెట్టడం మొదలయింది. అలాంటి చోట ఒకామె, మన వయసు మనిషే, ఫారం నింపుకుంటోంది. పక్కన ఒక కుర్రాడు కూర్చున్నాడు. మౌస్ ఆమె చేతిలోంచి లాక్కోకుండా, వేలితో తెర మీద చూపిస్తున్నాడు. మన ఇళ్ళల్లో పిల్లలు ఫోను లాక్కొని పని పూర్తి చేసి చేతిలో పెట్టేస్తారు. పని అవుతుంది, మనకు రావడం మాత్రం రాదు.

2020లో, కరోనా కాలంలో, అదే నగరం డిజిటల్ నావిగేటర్లనే సహాయకులను పెట్టింది. ఫోను చేస్తే ఓపికగా దారి చెప్పడం వాళ్ళ పని. 2004లో డబ్బాలతో బయలుదేరిన ఊరు 16 ఏళ్ళకు మనుషుల దగ్గరకు వచ్చింది. అమెరికా కేంద్ర ప్రభుత్వం పేదల ఇంటర్నెట్ బిల్లుకు నెలకు 30 డాలర్ల దాకా ఇచ్చే పథకం కూడా పెట్టింది. 2 కోట్ల 30 లక్షల కుటుంబాలు చేరాయి. నిధులు అయిపోయాయి, 2024 జూన్ 1 నుంచి ఆగిపోయింది. అంత సంపన్న దేశంలోనూ రెండో గడి దగ్గరకు వచ్చేసరికి పెన్ను ఆగింది.

ఇక మన దేశం. రైల్వే స్టేషన్లలో ఉచిత వైఫై పెడతామని గూగుల్ 2015 సెప్టెంబరులో ప్రకటించింది. 2016 జనవరిలో ముంబయి సెంట్రల్ స్టేషనుతో మొదలై, ఏప్రిల్ నాటికి విజయవాడ, విశాఖపట్నం, కాచిగూడ స్టేషన్లకు వచ్చింది. 2018 జూన్‌లో డిబ్రూగఢ్‌తో 400 స్టేషన్లు పూర్తయ్యాయి. ఎర్నాకుళం స్టేషనులో సామాన్లు మోసే కూలీ ఒకరు చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకొని, ఆ వైఫై మీద పాఠాలు వింటూ కేరళ పబ్లిక్ సర్వీస్ కమిషన్ వ్రాత పరీక్షలో నెగ్గారని 2018లో పత్రికలన్నీ వ్రాశాయి. ఆ వార్త చదివి నాకు ఎంత ఆనందమయిందో చెప్పలేను. ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి కార్డు జేబులో పెట్టుకొని తిరిగిన తరం మనది.

2020 ఫిబ్రవరిలో గూగుల్ ఆ పని నుంచి తప్పుకుంటున్నట్టు చెప్పింది. మొబైల్ డేటా చవకయిందన్నది ముఖ్య కారణం. అది నిజమే. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ధరలు నేలకు దిగాయి. అయినా స్టేషన్లలో వైఫై ఆగలేదు. ఎందుకంటే పట్టాల వెంట వేసిన కేబుల్ రైల్‌టెల్ అనే ప్రభుత్వ రంగ సంస్థది. గూగుల్ వెళ్ళిపోయినా తీగ వెళ్ళిపోలేదు. 2021 మే నాటికి 6 వేల స్టేషన్లయ్యాయి. రోజుకు మొదటి అరగంట ఉచితం, ఆపైన కావాలంటే రోజుకు రు.10 నుంచి కట్టుకునే పద్ధతి ఆ ఏడాది మార్చిలో పెట్టారు. ఫిలడెల్ఫియాకూ దీనికీ తేడా అక్కడే ఉంది.

డేటా చవకయింది గదా, ఇంకా ఉచిత వైఫై ఎందుకని మా అబ్బాయి వాదిస్తాడు. చవక అన్నది ఎవరి జేబును బట్టి? 2024 జులైలో కంపెనీలన్నీ రేట్లు పెంచాయి. రోజుకు ఒకటిన్నర జి.బి. ఇచ్చే జియో రీఛార్జి రు.239 నుంచి రు.299 అయింది. అదీ 28 రోజులకు. మన పెన్షను ఏడాదికి 12 సార్లు వస్తుంది. వాళ్ళ ఏడాదికి 13 నెలలు! ఫ్యామిలీ పెన్షను మీద బ్రతికే మన సోదరీమణులకు ఈ పదమూడో నెల చిన్న విషయం కాదు.

హైదరాబాదులోనూ ప్రయత్నాలు జరిగాయి. 2015లో హుస్సేన్‌సాగర్ చుట్టూ బి.ఎస్.ఎన్.ఎల్. వారు అరగంట ఉచితంగా ఇచ్చారు. 2021లో తెలంగాణ ప్రభుత్వం ఒక ప్రైవేటు కంపెనీతో కలిసి 3 వేల చోట్ల ఏర్పాటు ప్రకటించింది. ట్యాంక్ బండ్ మీద షికారుకు వచ్చేవారికి అది బాగానే ఉంటుంది. మోకాళ్ళ నొప్పులతో మూడో అంతస్తులో ఉన్న పెద్దాయన వైఫై కోసం ట్యాంక్ బండ్‌కు రాలేరు.

పాత రోజుల ఎస్.టి.డి. బూతులు మీకు గుర్తుండే ఉంటాయి. 1984లో సి-డాట్ సంస్థ ఏర్పడిన తరువాత, శామ్ పిట్రోడా గారి చొరవతో, పసుపు బోర్డుల పి.సి.ఓ.లు దేశమంతా వెలిశాయి. వికలాంగులకు ప్రాధాన్యం ఇచ్చారు. రాత్రి రేటు తగ్గేదాకా ఆగి, అద్దాల గదిలో నిలబడి, మీటరు చూసుకుంటూ మాట్లాడిన వాళ్ళమే అందరం. ఆ బూతు నడవడానికి కారణం, అక్కడ కూర్చున్న మనిషికి కాలుకు ఇంతని కమీషను వచ్చేది. నంబరు కలవకపోతే అతనే మళ్ళీ తిప్పి ఇచ్చేవాడు.

ఇదే పద్ధతిని వైఫైకి తెద్దామని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో సిఫార్సు చేసింది. 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గం పి.ఎం.-వాణి పేరిట ఆమోదించింది. కిరాణా కొట్టువాడైనా, టీ బడ్డీవాడైనా లైసెన్సు రుసుము లేకుండా వైఫై పెట్టి చిల్లరగా అమ్ముకోవచ్చు. ఆలోచన నాకు నచ్చింది. నడక మాత్రం మందం. 2022 నాటికి కోటి వైఫై కేంద్రాలుండాలని 2018 నాటి జాతీయ విధానంలో వ్రాసుకున్నారు. 2024 నవంబరు నాటికి ఈ పథకం క్రింద వచ్చినవి సుమారు రెండున్నర లక్షలు. చిన్న కొట్టువాడికి కూడా కంపెనీలు పెద్ద వ్యాపార సంస్థల రేటే అడగడం ఒక అడ్డంకి. ఇళ్ళకిచ్చే రేటుకు రెట్టింపు మించి అడగరాదని 2025 జూన్‌లో ట్రాయ్ ఉత్తర్వు ఇచ్చింది. ఇచ్చేందుకు నాలుగున్నరేళ్ళు పట్టింది. ఫైలు ఏ బల్ల మీద ఆగి ఉంటుందో మనకు ఊహించడం కష్టం కాదు. (ఒక జాగ్రత్త: ఊరూ పేరూ తెలియని ఉచిత వైఫై మీద బ్యాంకు పనులు చేయకండి, ఓ.టి.పి. ఎవరికీ చెప్పకండి.)

వైఫై కన్నా ముందు మనిషిని తయారు చేసుకున్న దేశం ఒకటుంది, ఎస్టోనియా. జనాభా 14 లక్షలకు లోపు. 2001లో అక్కడి బ్యాంకులు, టెలిఫోను కంపెనీలు కలిసి ఒక సంస్థ పెట్టి, 2002 నుంచి 2004 వరకు లక్ష మందికి, అంటే వయోజనుల్లో పదో వంతు మందికి, ఉచితంగా కంప్యూటరు పాఠాలు చెప్పించాయి. బ్యాంకులకు ఇందులో పుణ్యం మాత్రమే లేదు. జనానికి నెట్టు వస్తే కౌంటరు ఖర్చు తగ్గుతుంది. లాభపడేవాడే ఖర్చు పెట్టుకోవడం సబబైన లెక్క. మన బ్యాంకులు కౌంటర్లు తగ్గిస్తున్నాయి గాని పాఠాలు చెప్పడం నేను ఇంతవరకూ చూడలేదు.

మనకూ ఒక మంచి ఉదాహరణ ఉంది. 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ-సేవ పెట్టింది, 2011 నవంబరులో మీ-సేవ వచ్చింది. కంప్యూటరు ముందు ఒక ఉద్యోగి ఉండేవాడు, మనం కాగితం ఇచ్చి కుర్చీలో కూర్చునేవాళ్ళం. కరెంటు బిల్లు కోసం నాలుగు ఆఫీసులు తిరగడం తప్పింది. అక్కడ నెట్టు వాడింది మనమే, మన చేత్తో కాకపోయినా.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి ప్రతి పెన్షనరూ తెలుసుకోవాలి. యాసిడ్ దాడికి గురైనవారు, చూపు లేనివారు కోర్టుకు వెళ్ళారు. బ్యాంకు ఖాతాకు, సిమ్ కార్డుకు తెర ముందు కళ్ళార్పమంటున్నారు, ఆర్పలేని వాళ్ళం ఏం చేయాలి అన్నది వాళ్ళ ప్రశ్న. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండడం రాజ్యాంగం 21వ అధికరణం క్రింద జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పి, కె.వై.సి. పద్ధతులు మార్చమంటూ 20 ఆదేశాలు ఇచ్చింది. వేలిముద్రలు అరిగిపోయి యంత్రం గుర్తించక తిరిగి వచ్చిన మన మిత్రులకు ఆ బాధ తెలుసు. ఇకమీదట ఎవరైనా "మిషను తీసుకోవడం లేదు, రేపు రండి" అంటే మర్యాదగానే ఈ తీర్పు గుర్తు చేయండి.

ఉచితంగా అందరికీ చదువుకునే వీలు కల్పించడం మన పెద్దలకు కొత్త కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకట రమణయ్య గారు పూనుకొని గ్రంథాలయాల వారందరినీ మహాసభకు చేర్చారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. అప్పట్లో అంతా చందాల మీద నడిచింది. 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం వచ్చాక దీనికి ఒక రాబడి మార్గం ఏర్పడింది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఇంటిపన్ను రసీదు తీసి చూడండి, ఉంటుంది. వసూలైన సెస్సును స్థానిక సంస్థలు గ్రంథాలయాలకు సకాలంలో జమ చేయవన్న ఫిర్యాదు పాతదే. అది మరో వ్యాసం. నా దృష్టికి ఆనేది ఆ చట్టం వ్రాసినవారి ముందుచూపు. పుస్తకాలు కొనడంతో వదిలేయకుండా, ఏటా లైబ్రరీ తలుపు తెరిచే మనిషి జీతానికి దారి చూపించారు. శాఖా గ్రంథాలయంలో ఒక నెట్టు కనెక్షను, రెండు కుర్చీలు, ఓపికగల ఒక సహాయకుడు, వీటికి ఆ సెస్సు నుంచి కొంత కేటాయించమని జిల్లా గ్రంథాలయ సంస్థకు మన సంఘం వినతిపత్రం ఇవ్వాలని నా ప్రతిపాదన.

అది జరిగేదాకా మన సంఘ భవనంలోనే మొదలు పెట్టవచ్చు. ముందు గదిలో కేబుల్ కనెక్షను, సభ్యులకూ వారి ఇంటివారికీ ఉచిత వైఫై, లైఫ్ సర్టిఫికెట్ల రోజుల్లో పూటకు ఇంతని ఇచ్చి ఒక డిగ్రీ విద్యార్థి. మెట్లు ఎక్కలేని వారి ఇంటికి ఆ అబ్బాయే ఫోనుతో వెళ్ళాలి. రౌటరు కొనడానికి విరాళం ఇస్తామని ఇప్పటికే ఇద్దరు మిత్రులు ముందుకు వచ్చారు. వారికి కృతజ్ఞతలు. కాని ఆ సొమ్ము మొదటి గడికే సరిపోతుంది. నెలవారీ బిల్లుకూ, ఆ అబ్బాయి భత్యానికీ వార్షిక చందాలో ఎంత పెంచాలో సర్వసభ్య సమావేశం తేల్చాలి. ముసాయిదా తీర్మానం కార్యదర్శి గారికి అందజేశాను. అందులో రికరింగ్ గడి ముందే గీసి, అంకె మాత్రం ఖాళీగా ఉంచాను.